తట్టక ముందు

మీటరు ముల్లుకి తెల్ల రంగు వేసే పని లాయిడ్ పెన్‌హాల్ ఒక్క ఊపిరిలో ముగిస్తాడు. నాలుగు వెంట్రుకల కుంచె, దాని కొసన ఆవగింజంత రంగు. ఊపిరి తీసి బిగబట్టి, మొదలు నుంచి మొనదాకా ఒకే గీత గీసి, అప్పుడు వదులుతాడు. ఈమధ్య గీత సగంలో ఉండగానే రొమ్ము మీద ఎవరో మోకాలు ఆనించినట్టవుతోంది. ఈ ఉదయమూ అయింది. గీత మాత్రం వంకర పోలేదు. ముల్లుని ఆరడానికి కార్కు ముక్కకి గుచ్చి, నాలిక కింద మాత్ర పెట్టుకుని, స్టూలు మీద కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

రేకుల షెడ్డు. కిటికీలోంచి చూస్తే వాలరూ రేవు, గోధుమలు నింపే పెద్ద పెద్ద గాదెలు, వాటి వెనక సముద్రం కనపడతాయి. లాయిడ్ చూడడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. పొడుగ్గా, పైకి పోయేకొద్దీ ముందుకి వంగి, పాతకాలపు వీధి దీపం స్తంభంలా ఉంటాడు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, దాని మీద ఇంకొకటి. కుడి బొటనవేలి గోరు ఒక్కటే పెంచుతాడు. ఇరుసు మీంచి ముల్లుని లేపడానికి దానంత మంచి పనిముట్టు ఏ కొట్లోనూ దొరకదని అంటాడు. గోడ పొడుగునా సొరుగులు, సొరుగుల్లో ఎప్పుడో తుక్కయిపోయిన విమానాల తాలూకు మీటర్ల గుల్లలు. వేగం చూపేవి, ఎత్తు చూపేవి, రెక్క వాలితే తెలిపేవి. వాటి పేగులు తీసేసి, లోపల చిన్న చిన్న మోటార్లు పెట్టి, కంప్యూటరు చెప్పినట్టు ముల్లు తిరిగేలా చేయడం లాయిడ్ పని.

ఇవి ఎవరు కొంటారని అడుగుతారు కొందరు. ఇళ్ళల్లో ఉత్తుత్తి విమానాలు కట్టుకునేవాళ్ళు కొంటారు. పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఖాళీ అయిన గదిలో చెక్కతో విమానం ముక్కు ఒకటి కట్టి, ఎదురుగా మూడు తెరలు పెట్టి, సాయంత్రాలు అందులో కూర్చుని ఖండాలు దాటేసే పెద్దమనుషులు ఈ దేశం నిండా ఉన్నారు. తెర మీద బొమ్మ మీటరు వాళ్ళ కంటికి ఆనదు. చేత్తో తడిమితే చల్లగా తగిలే ఇనుమూ గాజూ ఉండాలి. పిచ్చి అంటే పిచ్చే. ఆ పిచ్చే లాయిడ్‌కి పదిహేనేళ్ళుగా అన్నం పెడుతోంది.

ఫోన్ మోగింది. బల్లారట్ నుంచి ఏన్స్‌లీ. బ్యాంకు మేనేజరుగా రిటైరైనాయన.

"లాయిడ్, నేనిప్పుడు ముప్పై వేల అడుగుల ఎత్తులో ఉన్నాను. వేగం ముల్లు మూర్ఛరోగిలా కొట్టుకుంటోంది."

"ముందు కిందికి దిగండి, చూద్దాం."

"దిగడమెలాగయ్యా, కింద సముద్రం. సింగపూర్ ఇంకా రెండు గంటలుంది."

వెనకనుంచి ఆడగొంతు వినపడింది. "ఆయన సముద్రం మీద లేడు లాయిడ్, ఇస్త్రీ బట్టల గదిలో ఉన్నాడు. టీ చల్లారిపోయిందని రెండుసార్లు చెప్పాను."

"మీటరు వెనక ఆకుపచ్చ తీగ వదులై ఉంటుంది," అన్నాడు లాయిడ్. "దాని మర బిగించండి చాలు."

"పైన ఒక్కటి తగిలిస్తే సర్దుకోదా? మా రోజుల్లో రేడియోని అలాగే బాగుచేసేవాళ్ళం."

"కొట్టకండి," అన్నాడు లాయిడ్. "మీటరుని ఎప్పుడూ కొట్టకండి."

ఆ మాటలో ఏముందో ఏన్స్‌లీకి తెలియదు. మా ఊళ్ళోనూ ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా పెన్‌హాల్ చాదస్తపు మనిషని. ఎవరింటికి వెళ్ళినా తలుపు తట్టడు. గడప బయట నిలబడి దగ్గుతాడు, లేకపోతే పేరు పెట్టి పిలుస్తాడు. వానలో తడుస్తూ నిలబడి దగ్గిన రోజులున్నాయి. వాళ్ళింటి నడవాలో వాళ్ళ నాన్ననాటి బారోమీటరు వేలాడుతుంటుంది. మామూలుగా అలాంటిది గోడ మీద ఉంటే దాటిపోయే ప్రతివాడూ గాజు మీద వేలితో ఒకటి కొట్టి, ముల్లు వాన వైపు జరిగిందా ఎండ వైపు జరిగిందా అని చూస్తాడు. లాయిడ్ తను కొట్టడు, ఇంకొకర్ని కొట్టనివ్వడు. భార్య మెర్ల్ బతికుండగా ఆయన ఇంట్లో లేనప్పుడు దొంగచాటుగా కొట్టేదట. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

కార్కు ముక్క మీద ఆరుతున్న ముల్లు నరెల్ క్లైనిగ్‌ది. అంటే నరెల్ కట్టుకుంటున్న విమానానిది. ఆరు మీటర్లలో ఐదు ఇచ్చేశాడు. ఆరోది, ఎత్తు చూపేది, ఎనిమిది నెలలుగా వాయిదా వేస్తున్నాడు. ఒకసారి మోటారు రాలేదన్నాడు, ఒకసారి గాజు పగిలిందన్నాడు. మోటారు వచ్చింది, గాజు పగల్లేదు. ఇక చెప్పడానికి అబద్ధాలు మిగల్లేదు. గురువారం మధ్యాహ్నం తెస్తానని మాటిచ్చాడు. ఇవాళ గురువారం.

పోయిన చలికాలంలో వచ్చింది ఆ అమ్మాయి. అమ్మాయంటే నలభై ఎనిమిదేళ్ళది. గాదెల దగ్గర లారీల తూకం చూస్తుంది. మగవాళ్ళ చొక్కా, దుమ్ము పట్టిన బూట్లు, ఎండకి కమిలిన మెడ. చంకలో బిస్కెట్ల డబ్బా ఒకటి పట్టుకొచ్చి ఈ బల్ల మీదే పెట్టింది.

"ఉత్తుత్తి విమానాల మీటర్లు చేసేది మీరేనటగా పెద్దాయనా. మా నాన్న విమానం మళ్ళీ కట్టుకుంటున్నాను, షెడ్డులో. ఇది ఆయనదే. దీని గుల్ల వాడండి."

డబ్బాలో ఎత్తు మీటరు. గాజు లేదు, అంచు సొట్టపోయి ఉంది. క్లైనిగ్ అని ఆమె ఇంటిపేరు చెప్పినప్పుడే లాయిడ్ కుంచె కింద పెట్టేశాడు. ఆమె చెప్పుకుపోయింది. నాన్న పేరు కెల్విన్. రైతులకి యంత్రాల విడిభాగాలు, టపా మోసే ఒంటి ఇంజిను విమానం నడిపేవాడు. ఎనభై ఏడు జూన్‌లో ఒక సాయంత్రం హమ్మక్ కొండల దగ్గర ఇంజిను ఆగిపోయింది. చుట్టూ మబ్బు. ఆగిన ఇంజినుతో గాల్లో జారుతూ కొండ దాటి అవతలి మైదానంలో దిగుదామనుకున్నాడు. దాటలేదు. కొండ ఎత్తు వెయ్యి అడుగులు. శిఖరానికి నలభై అడుగుల కింద తగిలాడు.

"ఎత్తు చాలనప్పుడు వెనక్కి తిరిగి ఇవతలే దిగాలి. ఎవడికైనా తెలుసు. ఆయనకి తెలీదా? తాగి ఎక్కాడన్నారు. కడీనా పబ్బులో ఇప్పటికీ అంటారు. మా అమ్మ ఆ మాట పడలేక ఊరొదిలేసింది. మీటరు బాగానే ఉందట. రెండు వారాల ముందే పరీక్ష చేసి ఎవరో కాగితం రాసిచ్చారట. అందుకే నేనే ఎగిరి చూస్తున్నాను. ఆ రోజు మబ్బు, ఆ రోజు గాలి, అన్నీ పెట్టి. నలభైసార్లు ఎగిరాను. తెర మీద బొమ్మ మీటరుతో. ఒక్కసారి కూడా కొండకి తగల్లేదు. ప్రతిసారీ ముల్లు వెయ్యి కిందికి వచ్చేస్తుంది, నేను వెనక్కి తిప్పేస్తాను. నేనే తిప్పగా లేంది ఆయన ఎందుకు తిప్పలేదు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లాయిడ్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. చూస్తానన్నాడు.

ఆమె వెళ్ళాక గుల్ల విప్పాడు. ఈ పనివాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరు మరమ్మతు చేస్తే వాళ్ళు గుల్ల లోపలి గోడ మీద సూదితో తమ పొడి అక్షరాలూ తేదీ గీకుతారు. బయటివాళ్ళకి ఎన్నటికీ కనపడదు. మళ్ళీ విప్పే పనివాడికే కనపడుతుంది. లోపల ఐదు గీతలున్నాయి. చివరిది ఎల్.పి., 1987 మే. అక్కడ ఉంటుందని తెలిసే విప్పాడు. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పుడు లాయిడ్ పారాఫీల్డ్ విమానాశ్రయం పక్కన ఒక మరమ్మతు షాపులో పనిచేసేవాడు. ఎత్తు మీటరుని గాజు బుడ్డి కింద పెట్టి, పైకి పోయినప్పటిలా గాలి పలచబడేట్టు తోడేస్తూ, ముల్లు ఎంత ఎత్తు చూపుతోందో రాయాలి. కాగితం మీద ప్రతి ఎత్తు దగ్గరా రెండు గడులు. 'తట్టక ముందు' ఒకటి, 'తట్టాక' ఒకటి. ముందు చూడాలి. తర్వాత తట్టాలి. మళ్ళీ చూడాలి. రెండింటికీ తేడా ఎక్కువుంటే లోపల ఇరుసు పట్టేస్తోందని అర్థం. ఆ మీటరుని పక్కన పడేయాలి. కానీ రోజుకి పదకొండు మీటర్లు తేల్చాలి. ముల్లు పైకి పోతుంటే స్క్రూడ్రైవరు పిడితో గాజు బుడ్డి మీద టకటకమని కొడుతూనే ఉండేవాళ్ళు అందరూ, తాళం వేసినట్టు. తట్టు, చూడు, రాయి. రెండో గడి నింపి, దానికి పదో ఇరవయ్యో కలిపి మొదటి గడి నింపేవాళ్ళు. చూడనే చూడని అంకె. విమానంలో ఇంజిను ఎలాగూ అదురుతూ ముల్లుని కదిలిస్తూనే ఉంటుందిగా అని మేస్త్రీ అనేవాడు. అదురుతూ ఉన్నంతసేపూ నిజమే.

ఇంజిను ఆగిపోతే సంగతి ఎవరూ అనుకోలేదు.

పేపర్లో వార్త చదివిన రోజు లాయిడ్ షాపుకి వెళ్ళి పుస్తకంలోంచి ఆ పరీక్ష తాలూకు పసుప్పచ్చ నకలు చించి జేబులో పెట్టుకున్నాడు. అసలుదైన తెల్ల కాగితం విచారణవాళ్ళ దగ్గరికి పోయింది. అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. పగిలిన మీటరు ముల్లు కొండకంటే ఎత్తు చూపుతుంటే, అది దెబ్బకి కదిలిందన్నారు. తెల్ల కాగితం మీద అంత చక్కటి అంకెలుంటే ఇంకేమంటారు? ఆ కాగితమే కెల్విన్ క్లైనిగ్‌ని తాగుబోతుని చేసింది. లాయిడ్ ఒక్కసారి నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు. మొదట ఉద్యోగం కోసం, తర్వాత మెర్ల్ ఏమనుకుంటుందో అని, ఆ తర్వాత ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారని. పిరికితనానికి ఎప్పటికప్పుడు కొత్త చొక్కా దొరికింది. తలుపు మీద, గాజు మీద వేలు తగిలిన చప్పుడైతే చాలు, ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. నిద్రలో కూడా ఎవరో టకటకమని కొడుతూనే ఉంటారు.

దడదడమని షెడ్డు గోడ అదిరింది. లాయిడ్ స్టూలు మీంచి ఎగిరిపడ్డాడు.

"బాదకురా," అని అరిచాడు. "ముప్పై ఏళ్ళుగా చెప్తున్నాను, రేకు బాదొద్దని."

"ముప్పై ఏళ్ళుగా బాదుతున్నాను, ఏమైందిరా? గోడ పడిందా?" పక్కింటి కోస్తాస్ లోపలికి తొంగి చూశాడు. పడవలమ్మేసుకున్నా చేపల వాసన వదలని గ్రీకు మనిషి. చేతిలో బకెట్టు, బకెట్లో నీలం పీతలు. "ఇంకా గడియారాలకి సున్నం కొడుతున్నావా? ఇవిగో, ఉడకేసుకో. మొహమేంట్రా అలా ఉంది, పీతకంటే నీలంగా?"

"బాగానే ఉన్నాను."

"మెర్ల్ కూడా బాగానే ఉన్నానంది. డాక్టరు దగ్గరికి పోదాం పద, నేను కారు తీస్తాను."

"ఇవాళ కాదు. ఇవాళ కడీనా వెళ్ళాలి. ఇది ఇచ్చి రావాలి."

"ఎవడో ఇంట్లో కూర్చుని గాల్లో ఎగరడానికి నువ్వు చావాలా?"

లాయిడ్ నవ్వడానికి ప్రయత్నించాడు. కోస్తాస్ బకెట్టు నీడలో పెట్టి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ముల్లు ఆరింది. గోటితో ఎత్తి ఇరుసు మీద కూర్చోబెట్టాడు. నరెల్ తెచ్చిన సొట్ట గుల్ల వాడలేదు, సొరుగులోంచి అలాంటిదే ఇంకోటి తీశాడు. ఈ మీటరులో ఇంతకుముందు ఎప్పుడూ పెట్టనివి రెండు పెట్టాడు. ఒకటి, పాత సెల్‌ఫోన్‌లోంచి తీసిన అదిరే మోటారు. తెర మీద ఇంజిను తిరుగుతున్నంతసేపూ గుల్ల సన్నగా వణుకుతుంది. రెండు, తెరిస్తే పాట పాడే పుట్టినరోజు కార్డులోంచి తీసిన పలచటి బిళ్ళ. దాన్ని గాజు వెనక అతికించాడు. గాజు మీద వేలు తగిలితే దానికి తెలుస్తుంది. ఇంజిను అదురు ఆగిపోతే ముల్లు పట్టేస్తుంది. ఎవరైనా తట్టేదాకా నిజం చెప్పదు. సరిగ్గా ఎనభై ఏడులో అది ఎలా ఉండేదో అలా చేశాడు. దీనికే నెల పట్టింది. మిగతా ఏడు నెలలూ ధైర్యానికి పట్టాయి.

పన్నెండింటికి బ్రెడ్డు కొట్లో కొన్న మాంసం పేస్టీ ఒకటి తగరపు డబ్బాలో పెట్టుకుని, మీటరుని తువ్వాలులో చుట్టి, వ్యాను తీశాడు. చొక్కా జేబులో పసుప్పచ్చ కాగితం మడతల దగ్గర చిరుగుతోంది. కోతలైపోయిన పొలాలు, దారికి రెండు పక్కలా ఎండిన గడ్డి. పేస్టీ తినలేదు.

పనిముట్ల సంచీ, తువ్వాలు మూటా, తగరపు డబ్బా పట్టుకుని నరెల్ షెడ్డు ముందు నిలబడి దగ్గాడు.

"రండి, తెరిచే ఉంది," అంది లోపలినుంచి. "తలుపు తడితే వేలు అరిగిపోతుందా మీకు?"

లోపల సగం విమానం. చెక్కా రేకూ కలిపి కట్టింది. సీటు మాత్రం నిజమైనది, ఎక్కడో తుక్కులో దొరికిందట. ఎదురుగా ఐదు మీటర్లు వెలుగుతున్నాయి, ఆరో చోట నల్లటి గుండ్రటి కంత. గోడ మీద కెల్విన్ క్లైనిగ్ ఫొటో, రెక్క మీద మోచెయ్యి ఆనించి నవ్వుతూ. ఆ చెయ్యి ఎక్కడ ఆనించాడో అక్కడికి జానెడు దూరంలో ఉండేది మీటరు. లాయిడ్ ఫొటో వైపు వీపు పెట్టి నాలుగు మరలు బిగించాడు. నరెల్ టార్చి పట్టుకుంది.

"ఇందులో ఒక మార్పు చేశాను," అన్నాడు. "ఏంటని ఇప్పుడడక్కు. ముందు ఎగురు. ఆ రోజులాగే."

ఆమె సీట్లో కూర్చుంది. ఇంజిను చప్పుడు షెడ్డంతా నిండింది. మీటరు సన్నగా వణకసాగింది. నరెల్ దాని మీద అరచెయ్యి పెట్టి చూసి, "అబ్బ, నిజం దానిలాగే ఉంది," అంది. తర్వాత మాట్లాడలేదు. తెర మీద పొలాలు పోయి మబ్బు వచ్చింది. తూకం కాటా దగ్గర అలవాటున్న మనిషి కావడంతో ముల్లు చూపిన ప్రతి అంకె పైకి చదువుతోంది. పదిహేడు వందలు. పదహారు వందల యాభై.

ఇంజిను ఆగిపోయింది. ఆమె పెట్టుకున్న చోటే, ఆమె తండ్రికి ఆగిన చోటే.

నిశ్శబ్దం. గాలి హోరు ఒక్కటే. మీటరు వణకడం మానేసింది. ముల్లు కిందికి జారింది, ఆగింది, మళ్ళీ జారింది.

"పన్నెండు వందలు. పదకొండు వందల నలభై." నరెల్ చేతులు తిప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఎదురుచూసింది. "పదకొండు వందల నలభై. ఇంకా పదకొండు వందల నలభై. ఇవాళ దాటేస్తాను పెద్దాయనా, చూడండి, కొండ మీద ఇంకా నూట నలభై..."

బూడిదరంగు తెర ఒక్కసారి కొండ గడ్డితో పచ్చగా నిండి, కదలకుండా నిలిచిపోయింది.

"మీటరు పాడైంది," అంది నరెల్.

"పాడవలేదమ్మా. అది పట్టేసింది. దాన్ని తట్టు."

వేలితో తట్టింది. ముల్లు ఒక్క గెంతులో కిందికి దూకి తొమ్మిది వందల అరవై దగ్గర నిలబడింది. శిఖరానికి నలభై తక్కువ.

నరెల్ ముల్లుని చూసింది, గోడ మీద ఫొటోని చూసింది. ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఆయన వెనక్కి తిప్పలేదు, ఎందుకంటే..." అని ఆగి, "ముల్లు ఆయనకి చాలినంత ఎత్తుందని చెప్పింది," అంది. "తాగలేదు. ఆయన తాగలేదు. అరే, మబ్బులో ఇంకేం చూస్తాడు, దాన్నే కదా చూసేది." ఆ తర్వాత గొంతు మారింది. "మీకెలా తెలుసు? ఇది ఇలా పట్టేస్తుందని మీకెలా తెలుసు?"

"దాన్ని పరీక్ష చేసింది నేనే."

లాయిడ్ నిలబడే చెప్పాడు. గాజు బుడ్డి, స్క్రూడ్రైవరు పిడి, రెండు గడులు. ఏదీ మెత్తబరచలేదు, అందరూ అలాగే చేసేవాళ్ళని కూడా అనలేదు. జేబులోంచి పసుప్పచ్చ కాగితం తీసి సీటు చేతి మీద పెట్టాడు. 'తట్టక ముందు' గడి పొడుగునా ఎర్ర గీత కొట్టి ఉంది. పక్కన, 'ఈ అంకెలు నేను చూడలేదు. ఊహించి రాశాను. కెల్విన్ క్లైనిగ్ తప్పు ఏమీ లేదు' అని రాసి, పూర్తి పేరు, ఇవాళ్టి తేదీ.

నరెల్ దాన్ని రెండుసార్లు చదివింది.

"పదకొండేళ్ళు నాకప్పుడు," అంది. "బళ్ళో పిల్లలు సీసా ఎత్తి తాగినట్టు చేసి చూపించేవాళ్ళు. మా అమ్మ వయాల్లాలో అద్దె ఇంట్లో చచ్చిపోయింది, చివరిదాకా ఆయన్ని తిడుతూ. నేను ఊరికి తిరిగొచ్చి పన్నెండేళ్ళయింది. ఒకే కొట్లో బ్రెడ్డు కొంటున్నాం మీరూ నేనూ."

"అవును."

"నమస్కారం పెడతారు నాకు."

"అవును."

"వెళ్ళండి. ఇంకొక్క మాట మాట్లాడొద్దు. వెళ్ళిపోండి."

లాయిడ్ పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదని అతనికి తెలుసు. వ్యాను తలుపు వేస్తుంటే వెనకనుంచి అడుగుల చప్పుడు. నరెల్ వచ్చి కిటికీలోంచి తగరపు డబ్బా అందించింది.

"మీ తిండి మర్చిపోయారు," అంది. మొహం చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో రోడ్డు పక్కన ఆపి ఆ పేస్టీ తిన్నాడు. చల్లారి, కొవ్వు గడ్డకట్టి ఉంది. మొత్తం తిన్నాడు. ఇంటికొచ్చి పీతలు ఉడకేసి, సగం కోస్తాస్‌కి ఇచ్చాడు. సొట్టపోయిన పాత మీటరుని, విప్పిన పేగులన్నిటితో సహా బిస్కెట్ల డబ్బాలో సర్ది, మూత మీద నరెల్ పేరు రాశాడు. నడవాలో బారోమీటరు ముందు కాసేపు నిలబడ్డాడు. తట్టలేదు. లైటు ఆర్పి పడుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం కడీనా పబ్బులో, చేపల పోటీ ప్రకటనకీ ఫుట్‌బాల్ జట్టు పట్టికకీ మధ్య, నరెల్ ఆ పసుప్పచ్చ కాగితాన్ని నాలుగు మేకులు కొట్టి బిగించింది. ముసలివాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చి చదివారు. చదివి, గ్లాసులు అక్కడే పెట్టి కొందరు ఇంటికెళ్ళారు. శనివారం లాయిడ్ బ్రెడ్డు కొట్లోకి వెళ్ళేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. అతను తలవంచుకోలేదు, వరసలో నిలబడ్డాడు. కొట్టావిడ పేస్టీ పొట్లం కట్టి, ఎప్పట్లాగే పక్కన టమాటా సాసు పెట్టింది. పలకరించలేదు.

సోమవారం పొద్దున కోస్తాస్ షెడ్డు రేకు బాదాడు. లోపలినుంచి తిట్టు రాలేదు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా బాదాడు. అప్పుడు అతనికి అర్థమైంది. లాయిడ్ బల్ల మీద తల ఆనించి ఉన్నాడు, రెండు కళ్ళజోళ్ళూ తీసి పక్కన మడిచి పెట్టి. ఎదురుగా కార్కు ముక్కకి గుచ్చిన ముల్లు, దాని మీద మొదలు నుంచి మొనదాకా ఒకే తెల్ల గీత, అప్పటికే ఆరిపోయి.

డబ్బా మీద పేరు చూసి కోస్తాస్ ఫోన్ చేస్తే, నరెల్ బుధవారం డ్యూటీ దిగి వచ్చింది. షెడ్డులోకి వెళ్ళనంది. కోస్తాస్ డబ్బా తెచ్చి నడవాలో ఇచ్చాడు.

"వాడు నీకు చేసింది ఊరంతటికీ తెలుసు," అన్నాడు. "వెధవ. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పక్కింట్లో ఉన్నాను. రేకు బాదితే ఎందుకలా గెంతుతాడో అడిగానా నేను, లేదు, నవ్వాను." చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

నరెల్ మూత తీసి గుల్లని వెలుతురుకి పట్టి, లోపలి గోడ మీద గీతలు చదివింది. మూత మళ్ళీ పెట్టేసింది. వెళ్ళబోతూ గోడ మీది బారోమీటరు దగ్గర ఆగింది.

"కొట్టి చూడు, వాన పడుతుందేమో," అన్నాడు కోస్తాస్. "వాడొక్కడే కొట్టనిచ్చేవాడు కాదు. మెర్ల్ పోయాక దాన్ని ఎవరూ తాకలేదు."

ఆమె వేలు ఎత్తింది. గాజుకి తగలకుండా అక్కడే ఆపి, వంగి, ముల్లు చూపుతున్నది ముందు చదివింది. "వెయ్యి ఇరవై ఆరు," అంది పైకి, లారీ తూకం చెప్పినట్టు.

అప్పుడు తట్టింది. ముల్లు ఒకసారి వణికి, వాన వైపు నాలుగు గీతలు జరిగి, అక్కడ ఆగింది.